తమలపాకు తీగకు నూనె మచ్చలు, పసుపు అంచు: తినే ఆకు కదా, ఏ మందు కొట్టాలి?

పెరటితీగ, తిరుచానూరు రోడ్డు

అందరికీ నమస్కారం. మా పెరట్లో తమలపాకు తీగ ఉంది. చంద్రగిరి దగ్గర మా అత్తగారి పుట్టింటి నుంచి తెచ్చిన కొమ్మ. ఇంటి తూర్పు గోడకూ ప్రహరీకీ మధ్య సందులో నాటాం. పక్కింటి మామిడిచెట్టు నీడ పగలంతా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఆకు మాడదు. గోడకు కొబ్బరి తాళ్లు కడితే తీగ మేడ మెట్ల దాకా పాకింది. మా వీధిలో ఎవరింట్లో వ్రతమైనా, నోమైనా ఆకులు మా ఇంటి నుంచే వెళ్తాయి.

దసరా దాటి వానలు పట్టుకున్నాక తెగులు మొదలైంది. ముందు ఆకు కింది వైపు నూనె అంటినట్టు చిన్న చిన్న తడి మచ్చలు వచ్చాయి. ఆకును వెలుతురుకు పెట్టి చూస్తే ఆ చోట కాస్త అవతలి వెలుగు కనిపిస్తుంది. తర్వాత మధ్యలో గోధుమ రంగుకు తిరిగి చుట్టూ పసుపు పచ్చగా అవుతుంది. మచ్చ గుండ్రంగా ఉండదు, ఈనె దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. కొన్ని ఆకులు అంచు నుంచి కాలుకుంటూ లోపలికి వస్తున్నాయి. పసుపు తిరిగిన ఆకు చెయ్యి తగిలితే చాలు, రాలిపోతోంది. కింద ఉన్న ఆకులకే ఎక్కువ, మెట్ల దగ్గర పైన ఉన్నవి బాగానే ఉన్నాయి.

మందుల కొట్టులో ఆకు చూపిస్తే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి ఇచ్చారు. పోయిన వారం కొట్టాం. తేడా ఏమీ లేదు. ఇంకో కొట్టులో అడిగితే చిన్న పొట్లం చూపించి, ఇది యాంటీబయాటిక్, దెబ్బకు పోతుంది అన్నారు. నేను కొనలేదు. మా అత్తగారు రోజూ భోజనం కాగానే ఆకు వక్క వేసుకుంటారు. పొద్దున తీగ మీద ఉన్న ఆకు మధ్యాహ్నానికి ఆవిడ నోట్లో ఉంటుంది. అదే నా టెన్షన్.

నీళ్లు మోటారు పైపుతోనే, ఆకుల మీద దుమ్ము పోయేలా పైనుంచి పడతాం. ఎరువు పేడ, అప్పుడప్పుడు గుప్పెడు యూరియా.

ఇది ఏ తెగులు? మచ్చలున్న ఆకు తింటే ఏమైనా అవుతుందా? తీగ మొత్తం పీకేయాల్సిందేనా?

మిద్దె మీద మందారం, చిత్తూరు

అక్కా, పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి వారానికి ఒకసారి కొట్టండి. మా మిద్దె మీద అన్ని మొక్కలకూ అదే. గులాబీకి బూడిద పట్టినప్పుడు బాగా పనిచేసింది. తగ్గకపోతే పీకేసి కడియం నుంచి వచ్చే బండ్ల వాళ్ల దగ్గర కొత్త మొక్క కొనుక్కోండి, ఎందుకొచ్చిన తలనొప్పి.

ఆకుతోట పెద్దాయన, మంగళం

అమ్మా, మాది కడప పక్క చెన్నూరు. మా నాయనకు ఆకుతోట ఉండేది. అవిసె చెట్లకు తీగలు పాకించి, కిందికి దించి, మళ్లీ పాకించడం చూస్తూ పెరిగినవాణ్ని. ఇప్పుడు తిరుపతిలో కొడుకు దగ్గర ఉంటున్నాను.

మీరు రాసిన తీరు చూస్తే ఇది బాక్టీరియా ఆకుమచ్చ. ఈనె దగ్గర ఆగిపోవడం, నూనె మచ్చ, పసుపు అంచు, కింది ఆకుల్లో ముందు రావడం, నాలుగూ దానికే సరిపోతున్నాయి. బూజు వల్ల వచ్చే ఆకుకుళ్లు ఇలా ఉండదు. అది పెద్ద గోధుమ, నలుపు మచ్చగా మొదలై ఈనె, గీనె చూడకుండా పాకుతుంది. అదే బూజు తీగ మొదలుకు పడితే కాడ నల్లబడి మెత్తబడుతుంది, వాసన కొడుతుంది, పచ్చగా ఉన్న తీగ ఉన్నట్టుండి వాలిపోతుంది. ఒకసారి మట్టి దగ్గర కాడను గోటితో గీకి చూడండి. లోపల ఆకుపచ్చగా గట్టిగా ఉంటే మొదలు బాగున్నట్టే.

మీకు ఇచ్చిన పొడి బూజు తెగుళ్ల మందు. బాక్టీరియా మీద దానికి పని లేదు. పని చేయకపోతే పోయిందిలే అనుకోవడానికి కూడా లేదమ్మా. అందులో మాంకోజెబ్ ఆకు పైనే ఉంటుంది, కార్బెండజిమ్ మాత్రం ఆకు లోపలికి వెళ్తుంది. కుళాయి కింద ఎంత కడిగినా పోదు. కాబట్టి మందు కొట్టిన నాడు తీగ మీద ఉన్న ఆకులు, మచ్చ లేనివి కూడా, అత్తగారికి ఇవ్వకండి. ఆ తర్వాత పుట్టిన ఆకు పెరిగి ముదిరేదాకా బజారు ఆకు తెప్పించండి. ఆవిడ కోప్పడతారు, పడనివ్వండి.

తెగులు సంగతి. ఈ బాక్టీరియాకు కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు వెళ్లాలంటే నీళ్లు కావాలి, లేదా మన చెయ్యి కావాలి. వాన చినుకు నేల మీద రాలిన ఆకును కొట్టి చిందితే ఆ తుంపర కింది ఆకులకు తగులుతుంది. అందుకే మీకు కింద ఎక్కువ, మెట్ల దగ్గర లేదు. ఆకు కింది వైపు సన్నటి రంధ్రాల్లోంచి, గీసుకుపోయిన చోట్ల నుంచి లోపలికి పోతుంది. లోపలికి పోవాలంటే ఆకు చాలాసేపు తడిగా ఉండాలి. మీ సందులో మధ్యాహ్నం ఎండ లేదు, గాలి లేదు, పైగా పైపుతో పైనుంచి స్నానం. తమలపాకుకు నీడ కావాలి, గాలిలో తేమ కావాలి, నేల చల్లగా ఉండాలి, అంతా నిజమే. ఆకు మీద నీళ్లు నిలవాలని మాత్రం అది ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పైపు నీళ్లు ఈ రోజు నుంచే ఆపేయండి. చెంబుతో మొదట్లో పోయండి, అదీ పొద్దున పూట. వాన పడిన రోజు అసలు వద్దు. మచ్చ ఉన్న ప్రతి ఆకునూ కాడతో సహా తీసేయండి, అయితే తీగ ఆరాకే ముట్టుకోండి. పొద్దున్నే తడి మీద చెయ్యి పెడితే తెగులును మీరే పంచినవాళ్లవుతారు. మా తోటలో ఆకు కోసేవాళ్లు బొటనవేలికి ఇనుప గోరు తొడుక్కునేవాళ్లు. తెగులున్న సాలులోకి ఆఖరున దిగాలి, మధ్యలో దిగితే మా నాయన గట్టు మీద నుంచే కేకలు పెట్టేవాడు. మీరూ బాగున్న పై తీగ ముందు చూసుకుని, తెగులున్న కింది భాగానికి చివర్న రండి. కత్తెరను స్పిరిట్ గుడ్డతో తుడుస్తూ ఉండండి. నేల మీద రాలిన ఆకులన్నీ ఏరేయండి. అసలు కొంప అక్కడే ఉంది.

తర్వాత గాలి. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా ఆకులు తీసేసి కాడ ఒట్టిగా వదలండి. గోడకు అతుక్కున్న తీగను కాస్త ముందుకు లాగి కర్రలకో వలకో కట్టండి. పక్కింటివాళ్లను అడిగి మామిడి కింది కొమ్మ ఒకటి కొట్టించండి. వానలకు ముందు మా నాయన అవిసె కొమ్మలు నరికించేది ఇందుకే. మొదట్లో ఎండుటాకో వరిగడ్డో పరిస్తే చిందడం తగ్గుతుంది, కాడకు మాత్రం ఆనించకండి.

యూరియా ఆపండి. దానికి వచ్చే లేత మెత్తటి ఆకు తెగులుకు పండగ భోజనం.

మజ్జిగ గురించి అమ్మాయి చెప్పింది. గులాబీ బూడిద వేరు, అది బూజు. ఇక్కడ మజ్జిగ కొడితే ఆకును ఇంకోసారి తడిపినట్టే అవుతుంది.

మచ్చ ఆకు తింటే బాక్టీరియా మనిషికి అంటదు. అది మొక్కల జబ్బు. కాకపోతే కుళ్లు మొదలైన ఆకు ఎవరు నములుతారు?

నిమ్మతోట, గూడూరు

పెద్దాయన చెప్పింది సరిగ్గా ఉంది. ఆ యాంటీబయాటిక్ పొట్లం గురించి ఒక మాట. అది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన మందు. మా పక్క నిమ్మకు గజ్జి తెగులు వస్తే దశాబ్దాలుగా అందరూ కొడుతున్నదే. నిమ్మ గజ్జి, దానిమ్మ మచ్చ తెగులు, తమలపాకు ఆకుమచ్చ, మూడూ జాంథోమోనాస్ అనే ఒకే జాతి బాక్టీరియా వల్ల వస్తాయి. పంటను బట్టి రకం మారుతుంది. మీ తీగ నుంచి పెరట్లో నిమ్మచెట్టుకు అంటదు, భయం లేదు.

స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయకు వాడే మందు కూడా. పంటల మీద ఇష్టం వచ్చినట్టు కొడితే బాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఈ రెండు మందుల్నీ పంటల్లో నిషేధించాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. కొట్టులో దొరుకుతోంది కదా అని, నమిలి మింగే ఆకు మీద కొట్టే పని కాదిది. అనంతపురం దానిమ్మ రైతులు పొట్లాల మీద పొట్లాలు కొట్టారు. అయినా మచ్చ తెగులుకు ఎన్ని తోటలు పీకేశారో ఆ పక్కవాళ్లను అడగండి.

పెద్దాయనా, రాగి మందు గురించి మీరేం రాయలేదే? కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి కొడితే ఏం?

పెరటితీగ

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మొదట్లో కాడ గీకి చూశాను, లోపల పచ్చగానే ఉంది. మచ్చ ఆకులు తీస్తే పెద్ద గంప నిండింది. తీగ సగం బోసిపోయింది, చూస్తే ఏడుపొచ్చింది. రాలిన ఆకుల కింద ఇంకా రాలిన ఆకులున్నాయి, ఎప్పటివో.

మందు కొట్టిన ఆకు వద్దని మా అత్తగారికి చెప్పాను. "నేను పెట్టిన తీగ, నాకే బజారు ఆకా?" అని రెండు రోజులు ఆకే వేసుకోలేదు. మూడో రోజు గాంధీ రోడ్డులో కట్ట కొనుక్కొచ్చాక మెత్తబడ్డారు. అది నాటు ఆకులా ఘాటు లేదని ఇప్పుడు కొత్త ఫిర్యాదు.

రాగి మందు సంగతి నేనూ అడగాలనుకున్నా. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్లని మా మామగారు చెప్పేవారట. సున్నం ఎలాగూ ఆకుకు రాసుకునేదే కదా అని మా అబ్బాయి జోకు.

ఆకుతోట పెద్దాయన

నిమ్మతోట తమ్ముడు అడిగాడు కాబట్టి చెబుతాను. కావాలనే రాయలేదు. రాగి మందు ఉందని చెబితే జనం ఆకులు ఏరడం, నీళ్లు మార్చడం వదిలేసి నేరుగా కొట్టుకు పరుగెత్తుతారు. ఇప్పుడు గంప నిండా ఏరారు కాబట్టి ఇబ్బంది లేదు.

రాగి మందు లోపలికి వెళ్లిన తెగులును తగ్గించదు. మచ్చ పడిన ఆకు పడినట్టే. బాగున్న ఆకు మీద పల్చటి పొరలా ఉండి, కొత్తగా వాలిన బాక్టీరియాను లోపలికి పోనివ్వదు. ఆ పొర ఉండాలంటే కొట్టిన తర్వాత ఆరాలి. మన దగ్గర కార్తీకంలో వాన ఏ గంటకు పడుతుందో తెలియదు. ఆరకముందే వాన పడితే మందంతా నేలపాలు. ఆకాశం మబ్బుగా ఉండి నిదానంగా ఆరితే లేత ఆకు మాడుతుంది కూడా.

ఇంకో సంగతి. కృష్ణా, గోదావరి పక్కవాళ్లు జూన్, జూలైల్లో వానలకు ముందు మందు కొట్టమని రాస్తుంటారు. వాళ్లకు అది సరే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులైన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మనం కొట్టాల్సింది సెప్టెంబరు చివర్లో, తీగ పొడిగా ఉన్నప్పుడు. ఈ ఏడు ఆ సమయం దాటిపోయింది. నా మాట వింటే ఈ వానలకు మందు వద్దు. ఏరుతూ ఉండండి, చాలు.

వచ్చే ఏడు కొడతానంటే బోర్డో మిశ్రమం ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు నీళ్లకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల కాల్చిన సున్నం. అర లీటరులో తుత్తం, ఇంకో అర లీటరులో సున్నం విడివిడిగా కరిగించి, సున్నం నీళ్లను బట్టలో వడకట్టి, రెండూ ఒకేసారి మూడో బకెట్లోకి కలుపుతూ పోయాలి. బకెట్లు ప్లాస్టిక్‌వే ఉండాలి, ఇనుము, రాగి పనికిరావు. కలిపాక శుభ్రమైన ఇనుప చాకును కాసేపు ముంచి తీయండి. దాని మీద ఎర్రటి పూత కనిపిస్తే తుత్తం ఎక్కువైనట్టు, ఇంకాస్త సున్నం నీళ్లు పోయాలి. చాకు మామూలుగా ఉంటే సరిపోయింది. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. కొట్టే ముందు ముదురు ఆకులన్నీ కోసేసుకోండి. కొట్టాక తీగ మీద ఉన్నవి తినకండి, కొత్త ఆకులు వచ్చి ముదిరాకే కోయండి. అబ్బాయికి చెప్పండి, తాంబూలం సున్నం వేరు, తుత్తం వేరు. తుత్తం విషం. పిల్లలకు అందేచోట పెట్టకండి.

కాపర్ ఆక్సీక్లోరైడ్ తోటకైతే సుఖమే తమ్ముడూ, కలపడం తేలిక. పెరట్లో ఒక్క తీగకు పెద్ద ప్యాకెట్టు కొని మిగతాది అటక మీద పెట్టుకోవడం నాకిష్టం లేదు.

మిద్దె మీద మందారం, చిత్తూరు

పెద్దాయనా, మజ్జిగ మాట వెనక్కి తీసుకోను, మిరపకు బాగానే పనిచేస్తుంది. తమలపాకుకు వద్దంటే వద్దు, సరే. కొత్త మొక్క కొనమన్నానే, దానికేమంటారు? పాత తీగ మీద ఇంత కష్టం దేనికి?

ఆకుతోట పెద్దాయన

కొత్త మొక్కతో తెగులు రాదని ఎవరు చెప్పారమ్మా? తెగులు ఎక్కువ దూరం వెళ్లేది కొమ్మలతోనే. బండిలో వంద మొక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని, పైనుంచి నీళ్లు కొట్టించుకుంటూ వస్తాయి. కొన్న రోజు మచ్చ ఉండదు, వానకు బయటపడుతుంది. కొనాలంటే కొనండి, పాత తీగకు దూరంగా పెట్టి ఒక వానాకాలం చూశాక దగ్గరికి తెండి.

ఈ తీగ పీకాల్సిన పని లేదు. మొదలు గట్టిగా ఉంది, పైభాగం బాగుంది. కాడ మీద కూడా నల్లటి పొడుగు మచ్చలు దిగి, కణుపుల దగ్గర విరిగిపోతుంటే అప్పుడు ఆ భాగం కింద దాకా కోసేయాలి. అప్పటికీ ఆగకపోతే పీకేయమని నేనే చెబుతాను. సంక్రాంతి దాటి వానలు పూర్తిగా ఆగాక, మెట్ల దగ్గర మచ్చ ఎరగని పై తీగ నుంచి నాలుగైదు కణుపుల కొమ్మలు రెండు మూడు కోసి వేరే కుండీల్లో పెట్టుకోండి. అత్తగారి ఆకు రకం చేయి దాటదు.

పెరటితీగ

అలాగే చేస్తానండి. మామిడి కొమ్మ కొట్టడానికి పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు, వచ్చే కాపులో కాయలు తగ్గితే మేమే కొనివ్వాలట. తీగను గోడ నుంచి విడదీసి ప్లాస్టిక్ వలకు కట్టించాను. రెండు ఆకులకు కొత్త మచ్చ కనిపిస్తే తీసేశాను.

ఆఖరి అనుమానం. ఏరిన గంపెడు ఆకులు సంచిలో కట్టి పెట్టాను. మా కంపోస్టు డ్రమ్ములో వేసెయ్యొచ్చా? ఆ ఎరువు మళ్లీ ఈ తీగకే వేస్తాం.

నిమ్మతోట, గూడూరు

వేయకండి అక్కా. పెద్ద కుప్ప అయితే లోపల బాగా వేడెక్కి చచ్చిపోతుంది కానీ ఇంటి డ్రమ్ము అంత వేడెక్కదు. ఆకు పూర్తిగా కుళ్లి మట్టయ్యేదాకా బాక్టీరియా అందులో బతికే ఉంటుంది. కాల్చడం కూడా వద్దు, మీరు కొట్టిన మందు పొగలో వస్తుంది. సంచి మూతి బిగించి మున్సిపాలిటీ చెత్తబండికి ఇచ్చేయండి. సంచి పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తీగ దగ్గరికి వెళ్లండి.